దీవులు ఎవరు కట్టారు, తాతయ్యా?

డిసెంబరు మొదటి ఆదివారం సాయంకాలం మా మనుమరాలిని వెంటబెట్టుకుని మెరీనాకు వెళ్ళాము. నాలుగు రోజుల ముసురు తర్వాత ఆ పూటే కాస్త ఎండ కాసింది. ఇసుక ఇంకా తడిగా, పిడికిట పడితే ముద్ద అయ్యేటట్టు ఉంది. పాపకు ఏడేళ్ళు, రెండో తరగతి చదువుతోంది. గాంధీగారి విగ్రహం దాటి, అలలు వచ్చి పోయే చోటికి ఇవతలగా చతికిలబడి, పాదం మీద ఇసుక కప్పి పిచ్చికగూడు కట్టింది. అంతలో ఒక అల మిగతావాటికంటె నాలుగడుగులు ముందుకు వచ్చి, గూటి చుట్టూ తిరిగి వెనక్కు పోయింది. గూడు నిలిచింది.

"తాతయ్యా, దీవి! చూడు, చుట్టూ నీళ్ళు!" అని చప్పట్లు కొట్టింది.

ఆ వారమే వాళ్ళ బడిలో కొండలు, మైదానాలు, దీవులు అనే పాఠం మొదలైందట. బడిలో తమిళంలో 'తీవు' అంటారు, ఇంట్లో మేము 'దీవి' అంటాము; రెండూ 'ద్వీపం' కడుపున పుట్టిన మాటలే గనుక పాపకు చిక్కులేదు. చిక్కంతా తర్వాతి ప్రశ్నతో వచ్చింది.

"ఇది నేను కట్టాను. మరి సముద్రం నడిమధ్యన ఉండే దీవులు ఎవరు కట్టారు?"

సరిగ్గా అప్పుడే సుండల్ అమ్మే కుర్రవాడు వచ్చి నిలుచున్నాడు. చిల్లర వెతుక్కునే హడావుడిలో మేము, "ఎవరూ కట్టలేదమ్మా, చెరువులో తామరాకులు తేలినట్టు అవి సముద్రంలో తేలుతూ ఉంటాయి" అనేశాము. పాప ఎంతో ముచ్చటపడింది. మేమూ ముచ్చటపడ్డాము. తామరాకు పోలిక బాగా కుదిరిందని ఇంటికి వచ్చేదాకా లోపల కించిత్తు గర్వం కూడా కలిగిన మాట వాస్తవం.

మరునాడు పాప ఆ మాటే క్లాసులో లేచి నిలబడి చెప్పిందట. పిల్లలందరూ నవ్వారట. సాయంకాలం ఇంటికి వచ్చి, సంచీ మూలన పెట్టి, "దీవులు తేలవట తాతయ్యా" అని మాత్రం అన్నది. ఏడవలేదు, అలగలేదు. అయితే ఆనాటినుంచి మమ్మల్ని ఏదీ అడగటం మానేసింది. ఏనుగుకు చెమట పడుతుందా, నిద్రలో మనం ఎక్కడికి పోతాం, పప్పులో ఉప్పు కనబడదేం అని రోజుకు ముప్పై ప్రశ్నలు వినడానికి అలవాటు పడ్డ ఇల్లు అది. పది రోజులు గడిచాయి. ఒక్క ప్రశ్న లేదు. "తెలియకపోతే తెలియదనవచ్చుగా? ఆ తామరాకు ఎందుకు మధ్యన?" అని మా ఇంటావిడ అననే అన్నది.

ఆవిడకు తెలుసు, మాకూ తెలుసు. తెలియక అన్న మాట ఒక్కటే కాదు అది. మా ఇంట్లో సముద్రం అడుగున ఏముంటుందన్న మాట ఎవరమూ ఎత్తము.

2004 డిసెంబరు 26, ఆదివారం. మా అమ్మాయి, అంటే పాప తల్లి, అప్పుడు కాలేజీలో కొత్తగా చేరింది. స్నేహితురాళ్ళతో పొద్దున్నే మెరీనాకు షికారు వెళ్ళింది. తొమ్మిది గంటల ప్రాంతంలో సముద్రం రోడ్డు మీదికి వచ్చిందన్న కబురు వీధిలో పుట్టింది. అప్పటికి 'సునామీ' అన్న మాట మన ఇళ్ళలో ఎవరికీ తెలియదు. మేము ట్రిప్లికేను వైపునుంచి పరుగెత్తితే పోలీసులు ఆపేశారు. పదకొండు దాటాక అమ్మాయి తడిసిన బట్టలతో, ఒక కాలికి చెప్పు లేకుండా తనంతట తనే ఇంటికి వచ్చింది. చేపలమ్ముకునే ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డువైపు ఈడ్చిందట. ఆ తర్వాత ఆ చెయ్యి జారిపోయిందట. ఆ ముసలమ్మ కోసం మేము నెలరోజులు పేటలన్నీ తిరిగాము. జాడ దొరకలేదు. ఆనాటి నుండి మా అమ్మాయి ఇసుకలో అడుగు పెట్టలేదు. పాపను మెరీనాకు తీసుకుపోయే పని మాది. అమ్మాయి రాదు, వద్దనీ అనదు, మేము తిరిగి వచ్చేదాకా వరండాలో కూర్చుంటుంది.

ఇక దీవులు సముద్రపు అడుగున నిప్పులోనుంచి పుడతాయని ఆ ఇంట్లో ఎట్లా చెప్పేది? తామరాకు అయితే ఎవరినీ భయపెట్టదు. కాని ఆ తామరాకు వల్ల పిల్ల క్లాసులో పరువు పోగొట్టుకుంది. అంచేత ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి నాలుగు రోజులు వరుసగా వెళ్ళి కూర్చున్నాము. డెబ్భైకి దగ్గర పడుతున్న వయసులో రెండో తరగతి పాఠం చదవడానికి!

చదివిన కొద్దీ ఒక సంగతి స్పష్టపడింది. మాకు తెలిసిన దీవులన్నీ నది కట్టినవి. మాది రాజమహేంద్రవరం. గోదావరిలో లంకలు చూస్తూ పెరిగిన వాళ్ళం. వరద తెచ్చిన ఒండ్రు ఒకచోట నిలిచి, దానిమీద రెల్లు మొలిచి, ఆ రెల్లు మరుసటి వరదలో మరింత ఒండ్రును పట్టుకుని, చివరకు మనుషులు పొగాకూ మిరపా వేసుకునే లంక అవుతుంది. మన శ్రీహరికోట కూడా అంతే, సముద్రమూ గాలీ కలిసి పోసిన ఇసుకదిబ్బ. దాని వెనుక పులికాటు సరస్సు. ఇవన్నీ పైనుంచి పోసినవి. లంక, తిప్ప, దిబ్బ, మన భాషలో ఉన్న మాటలన్నీ ఇసుకకూ ఒండ్రుకూ సంబంధించినవే. కిందనుంచి లేచిన దీవికి మనకు వేరే మాట లేదు. మన గట్టు మీద అటువంటిది లేదు గనుక కాబోలు.

మన గట్టున లేకపోయినా మన సముద్రంలో ఉన్నది. చెన్నపట్నం హార్బరులో ఓడ ఎక్కితే రెండున్నర, మూడు రోజులకు పోర్ట్ బ్లెయిర్. అక్కడ తెలుగువారు ఎందరో ఉన్నారు. ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వాళ్ళు. పోర్ట్ బ్లెయిరుకు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు పోతే బారెన్ దీవి. పేరుకు అర్థం బీడు దీవి అని. మనుషులు లేరు, ఎప్పుడో వదిలిన మేకల సంతతి మాత్రం తిరుగుతూ ఉంటుంది. భారతదేశం మొత్తం మీద ఇంకా నిప్పు కక్కుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. 1787లో అది మండుతూ ఉండగా చూసి వ్రాసిపెట్టారు. 1832 తర్వాత దాదాపు నూట అరవై ఏళ్ళు నోరు మూసుకుని కూర్చుంది. అందరూ చల్లారిందనుకున్నారు. 1991లో మళ్ళీ రగిలింది. 2005లో మళ్ళీ. 2017 జనవరిలో గోవాలోని సముద్ర విజ్ఞాన సంస్థ వారు ఓడలో దాని దగ్గరగా పని చేస్తూ ఉండగానే ఉన్నట్టుండి బూడిద చిమ్మింది. పగలు వారికి బూడిద మబ్బు మాత్రమే కనబడిందట. పొద్దుగూకిన తర్వాత చూస్తే, ఆ మబ్బు కింద ఎర్రగా లావా చిమ్ముతూ ఉన్నది.

ఇన్ని సంగతులు పోగుచేసుకున్నాము గాని పాప అడిగితేనా చెప్పేది? అడగని పిల్లకు పాఠం చెప్పబోతే పారిపోతుంది. ఏం చేయాలో తోచక ఊరుకున్నాము. చివరకు ఆ పని అరిసెలు చేశాయి.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా ఇంటావిడ అరిసెల పాకం పట్టడానికి కూర్చున్నది. పాప పక్కన ముక్కాలిపీట వేసుకుని బెల్లం ముక్కలు అందిస్తోంది. అమ్మాయి పిండి జల్లిస్తోంది. మేము పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాము.

"అమ్మమ్మా, కరగాలంటే వేడి చాలదూ? నీళ్ళెందుకు పోస్తున్నావు?"

"నీళ్ళు లేకుండా పొయ్యి మీద పెడితే అడుగంటి మాడుతుందే గాని పాకానికి రాదు. చెంబెడు నీళ్ళు పడితే, ఆ సెగకే చక్కగా కరుగుతుంది."

మేము పేపరు కింద పడేశాము. కన్నెమరాలో మూడు పుస్తకాలు తిరగేసినా మా బుర్రకు ఎక్కని విషయం అదే! భూమి పై పెంకు ఒకే ముక్క కాదు, పగిలిన కుండ పెంకుల్లాగా పెద్ద పెద్ద ముక్కలు; వాటిని శాస్త్రజ్ఞులు పలకలంటారు. మనం కూర్చున్న భారతదేశపు పలక అండమాను దగ్గర ఇంకొక పలక కిందికి మెల్లగా దూరుతోంది. దూరుతూ, తడిసిన రాళ్ళలో ఇమిడి ఉన్న సముద్రపు నీటిని కూడా లోపలికి తీసుకుపోతుంది. లోపలి రాయి ఎర్రగా కాలి ఉన్నా, మీది బరువుకు గట్టిగానే ఉంటుంది. భూమి లోపల ఎక్కడ చూసినా కుతకుతలాడే రాతి పులుసు ఉంటుందని మేము ఇన్నాళ్ళూ అనుకున్నది తప్పు. నీరు తగిలిన చోట మాత్రం ఆ వేడికే రాయి కరుగుతుంది. కరిగిన రాయి చుట్టూ ఉన్న గట్టిరాయికంటె తేలిక గనుక పైకి వస్తుంది. బారెన్ దీవి కింద జరిగే పని అంతే.

ఇదంతా మేము చెప్పబోయేలోగా మా ఇంటావిడే చెప్పేసింది, నాలుగు ముక్కల్లో: "భూమి లోపల కూడా రాతితో పాకం పడతారు, నీళ్ళు పోసి." పాప కళ్ళు పెద్దవి చేసింది. మావైపు చూడలేదు గాని చెవి మాత్రం మావైపు పెట్టింది.

అంతలో పాకం చూసే వేళ అయింది. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి, గరిటెతో ఒక చుక్క పాకం అందులో వదిలారు. వేలితో కూడదీస్తే ఉండ అయింది. అదే ఉండపాకం. పొయ్యి మీద జారుగా ఉన్నది చల్లని నీళ్ళలో పడగానే గట్టిపడింది.

ఇక ఆగలేకపోయాము. "పాపా, సముద్రం అడుగున కరిగిన రాయి బయటకు వస్తే అచ్చం ఇట్లాగే అవుతుంది. చుట్టూ చల్లని నీళ్ళు గదా! పైన పెంకు కట్టి, లోపల ఇంకా జారుగా ఉండి, దిండులా ఉబ్బుతుంది. ఆ దిండు పగిలి పక్కన ఇంకొక దిండు. దాని మీద ఇంకొకటి. వేల ఏళ్ళపాటు, లక్షల ఏళ్ళపాటు దిండ్లమీద దిండ్లు" అన్నాము.

పాప కాసేపు పళ్ళెంలో ఉండను చూసింది. "ఎన్ని దిండ్లు పెడితే నీళ్ళలోంచి తల బయటికి వస్తుంది?" అన్నది.

నెల రోజుల తర్వాత మొదటి ప్రశ్న!

మెరీనా లైట్‌హౌసు పాపకు బాగా తెలుసు. దాని ఎత్తు దాదాపు 46 మీటర్లు. బారెన్ దీవి నీళ్ళపైన సుమారు 350 మీటర్లు. అంటే ఒకదానిమీద ఒకటి దాదాపు ఎనిమిది లైట్‌హౌసులు. కాని ఆ కొండ పాదం సముద్రపు అడుగున రెండు కిలోమీటర్లకు పైగా లోతున ఉన్నది. అక్కడినుంచి నీటిమట్టం దాకా సుమారు యాభై లైట్‌హౌసులు పెట్టాలి. మనకు కనబడేది చిటికెడు, మిగిలిందంతా నీళ్ళలోనే. పాప వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, వేళ్ళు చాలక అమ్మమ్మ వేళ్ళు కూడా తీసుకుంది. ఆ దెబ్బతో ఒక వాయి అరిసెలు కాస్త నల్లబడ్డాయి.

తల బయటకు వస్తూ ఉండగా మనుషులు చూసిన దీవి ఒకటి ఉన్నది. 1963 నవంబరు 14 తెల్లవారుజామున ఐస్‌లాండు దక్షిణాన చేపలు పట్టేవాళ్ళు సముద్రం మీద నల్లని పొగ చూసి, ఏదో ఓడ తగలబడుతోందని అటు వెళ్ళారు. ఓడ లేదు, నీళ్ళే ఉడుకుతున్నాయి. అక్కడ లోతు నూట ముప్పై మీటర్లు. మరునాటికల్లా అక్కడ దీవి తల ఎత్తింది. వారి పురాణాల్లోని అగ్నిరాక్షసుడి పేరున దానికి సుర్ట్సీ అని పేరు పెట్టారు. 1967 జూను దాకా పెరిగి పెరిగి, ఇప్పుడు అలల దెబ్బకు దాదాపు సగానికి తగ్గింది. దానికంటె ముందు, 1831లో సిసిలీ దగ్గర పుట్టిన దీవి కథ ఇంకా చిత్రం. అది మాదంటే మాదని దేశాలు పోట్లాడుకుంటూ ఉండగానే, ఆరు నెలలు తిరక్కుండా అలలు దాన్ని కరిగించి మింగేశాయి.

"అదెందుకు కరిగింది, ఇదెందుకు నిలిచింది?" అన్నది పాప.

దీనికి జవాబు కూడా వంటింట్లోనే ఉన్నది. కరిగిన రాయి సముద్రపు నీటికి తగిలి ఫెళ్ళున చిట్లితే పిండిలాగా బూడిద అవుతుంది. గోళీ సోడా గోళీ లోపలికి నొక్కగానే ఎట్లా చిమ్ముతుందో చూశాము గదా, కరిగిన రాతిలో కూడా అటువంటి గాలి అణిగి ఉండి బయటపడగానే చిమ్ముతుంది. ఆ బూడిద కుప్పగా నీళ్ళపైన తల ఎత్తినా పొడి బియ్యప్పిండి కుప్పలాంటిదే. నాలుగు అలలకు పోతుంది. కుప్ప ఎత్తు పెరిగి, నీళ్ళు లోపలికి రాకుండా అయిన తర్వాత కరిగిన రాయి జారుగా పారి దానిమీద పెంకు కడితే నిలుస్తుంది. పిండి పాకంలో పడితే గదా అరిసె అయ్యేది!

ఇక్కడిదాకా బాగానే ఉన్నది. అమ్మాయి పిండి జల్లెడ పక్కన పెట్టి గుమ్మానికి ఆనుకుని నిలబడి వింటోందన్న సంగతి మేము గమనించలేదు.

"ఆ రోజు వచ్చింది ఈ నిప్పేనా?" అని అడిగింది.

పొయ్యి మీద నూనె చిటపటలాడుతోంది. మా ఇంటావిడ సెగ తగ్గించింది. తామరాకు వంటి మాట ఏదైనా దొరుకుతుందేమోనని ఆ క్షణంలో కూడా మా మనస్సు వెతికింది. పాప ఈసారి మావైపే చూస్తోంది.

కాదని చెప్పాము. ఆ రోజు వచ్చింది నిప్పు కాదు. ఇందాక చెప్పిన రెండు పలకలే. కింది పలక దూరుతూ దూరుతూ, పై పలక అంచుకు పట్టుకుపోయి, దాన్ని కూడా కిందికి వంచుతుంది. వందల ఏళ్ళు వంచుతుంది. చీపురుపుల్లను వంచి వంచి వదిలితే ఏమవుతుంది? ఆ ఉదయం మన గడియారం ప్రకారం ఆరున్నరకు సుమత్రా దగ్గర ఆ అంచు ఊడి పైకి లేచింది. అక్కడినుంచి అండమాను దాకా వెయ్యి కిలోమీటర్లకు మించి పొడవున ఊడింది. దానిపైన ఉన్న సముద్రం ఒక్కసారిగా ఎత్తుకుని, పక్కలకు పరుగెత్తింది. చెన్నపట్నం చేరడానికి దానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో మనకు చెప్పేవారు లేరు. అప్పుడే నికోబారు దక్షిణపు కొసన ఇందిరా పాయింటు దగ్గర భూమి నాలుగు మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అక్కడి లైట్‌హౌసు చుట్టూ ఇప్పుడు నీళ్ళు. ఉత్తర అండమానులో తీరం పైకి లేచింది. దీవిని పైకి తెచ్చే పలకా, అల తెచ్చే పలకా ఒకటే గాని, ఆ పనులు వేరు వేరు.

"మళ్ళీ వస్తుందా?"

"ఎప్పటికో వస్తుంది. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. కాని వస్తున్నదని ఇప్పుడు చెప్పగలరు. 2007 నుంచి హైదరాబాదులో దానికోసమే ఒక కేంద్రం రాత్రింబవళ్ళు పని చేస్తోంది. సముద్రం అడుగున పరికరాలు పెట్టారు."

అమ్మాయి కాసేపు ఊరుకుంది. "రెండు గంటలు," అన్నది. "ఆవిడకు రెండు గంటల ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది." ఆవిడంటే ఆ ముసలమ్మ. ఇన్నేళ్ళలో ఆ ముసలమ్మ మాట మా అమ్మాయి తనంతట తను ఎత్తడం అదే మొదలు. తర్వాత వచ్చి పీట మీద కూర్చుని, మిగిలిన అరిసెలు ఒత్తింది. పాప తల్లి మోకాలిమీద చెయ్యి వేసి కూర్చున్నది. ఆ పూట ఇక దీవుల మాట రాలేదు.

మరునాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. "మన పరంగిమలై కూడా అగ్నిపర్వతమేనా?" అని పాప అడిగింది. కాదు. ఆ కొండరాయి భూమి లోతుల్లో కోట్ల ఏళ్ళ క్రితం సెగకూ బరువుకూ మగ్గి తయారైంది. కలకత్తాలో చార్నాకు దొరగారి సమాధికి వాడిన రాయి కూడా ఆ జాతిదే గనుక శాస్త్రజ్ఞులు దానికి ఆయన పేరు పెట్టారు. చెన్నపట్నంలో అగ్నిపర్వతం లేదని తెలిసి పాప కొంచెం నిరాశ పడింది.

"మరి మన ఊళ్ళో?" అన్నది. మన ఊరంటే దాని దృష్టిలో రాజమహేంద్రవరం, మేము సెలవలకు తీసుకుపోయే ఊరు.

అప్పుడు మా వీధిగది తలుపుకు వారగా పెట్టే నల్లరాయి చూపించాము. మా నాన్నగారు కాతేరు రాతిగనుల దగ్గర తెచ్చి, కాగితాలు ఎగరకుండా బల్లమీద పెట్టుకునేవారు. పాప కాలివేలు దానికి రోజూ కొట్టుకుంటుంది. కాతేరులోనూ, గోదావరి అవతలి గట్టున పంగిడిలోనూ తవ్వి రోడ్లకు కంకర కొట్టే ఆ నల్లరాయి ఒకప్పుడు లావా. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ క్రితం పడమటి కనుమల వైపు నేల పగిలి పారిన లావా, దక్కను అంతా పరుచుకుని, పాత నదీలోయల వెంట వేయి కిలోమీటర్ల దూరం వచ్చి మన గోదావరి ముఖాన సముద్రంలో పడిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. రెండు లావా పొరల మధ్యన సున్నపురాతిలో సముద్రపు గవ్వలు దొరుకుతాయి. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మాకే ఈ సంగతి ఈ ఏడాది దాకా తెలియదు.

పాపకు అంతటితో తృప్తి లేదు. "మన లావా దీవి కట్టలేదా?" అని పట్టుబట్టింది. కట్టింది. ఆ సంగతి చెప్పడానికి అప్పడం తెచ్చుకున్నాము. పొయ్యి కదలదు, అప్పడాన్ని పట్టుకారుతో మంటమీద ఒక పక్కనుంచి మెల్లగా జరపమన్నాము. మంట తగిలిన చోటల్లా ఒక బొబ్బ. అప్పడం జరిగిన కొద్దీ బొబ్బల వరుస. భూమి లోపల అటువంటి కదలని పొయ్యి ఒకటి ఉన్నది. మన పలక దానిమీదుగా ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. ఇప్పటికీ జరుగుతోంది, ఏడాదికి సుమారు అయిదు సెంటీమీటర్లు; పాప చూపుడువేలు అంత. మొదటి బొబ్బ మన దక్కను నల్లరాయి. ఆ తర్వాత లక్షద్వీపాలు, మాల్దీవులు; వాటి కింది అగ్నికొండలు ఎప్పుడో కుంగిపోయి, వాటి నెత్తిన పగడపు పురుగులు కట్టిన గూళ్ళే ఇప్పుడు మనకు కనబడుతున్నాయి. మరీ దక్షిణాన మారిషస్. చిట్టచివర రీయూనియన్, అక్కడి కొండ పేరుకు ఫ్రెంచి భాషలో కొలిమి శిఖరమని అర్థం, అది ఈనాటికీ తరచు మండుతూనే ఉంటుంది. అంటే ఆ పొయ్యి ఇప్పుడు అక్కడ ఉన్నదన్నమాట.

మారిషస్ అనగానే మా ఇంటావిడ తల ఎత్తింది. పందొమ్మిదో శతాబ్దంలో మన కోరంగి రేవునుంచి, ఈ చెన్నపట్నం రేవునుంచి తెలుగువాళ్ళు చెరుకుతోటల్లో కూలికి పోయిన దేశం అది. అక్కడ మనవాళ్ళను కోరంగీలని పిలిచేవారు. ఈనాటికీ ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. గోదావరి గట్టు వదిలి, వారాల తరబడి ఓడలో పోయి, పరాయి దేశంలో దిగామనుకుని ఏడ్చి ఉంటారు వాళ్ళు. పొలం చదును చేయడానికి ఏరి కుప్పలు పోసిన నల్లరాళ్ళు తమ ఊరి నల్లరాయికి తోబుట్టువులని వాళ్ళకెవరు చెబుతారు? "పాపం, ఒకే పొయ్యి మీది వంట" అన్నది మా ఇంటావిడ.

పాప అప్పడం పూర్తిగా కాల్చి, దక్కను ముక్క తల్లికి, మారిషస్ ముక్క అమ్మమ్మకు విరిచి పెట్టింది. కొలిమి ముక్క తను తిన్నది. మాకు మాల్దీవులు వచ్చాయి. అవి సరిగా కాలలేదు.

సంక్రాంతి సెలవలు అయిపోయి బడి తెరిచిన నాడు, తలుపు గాలికి దడదడ కొట్టుకుంటోంది. చూస్తే వారగా ఉండే రాయి లేదు. పాప దాన్ని పాత తువ్వాలులో చుట్టి, అన్నం డబ్బాతోపాటు సంచీలో పెట్టుకుని పోయింది. సాయంకాలం ఉత్త చేతులతో వచ్చింది. రాయిని క్లాసులో బెంచీ బెంచీకి పంపారట. నలభై మంది ఉన్నారట, మొదటి రోజున మూడు బెంచీలవాళ్ళకే అందిందట.

"ఇంకా కిటికీ పక్కవాళ్ళు చూడలేదు తాతయ్యా. సోమవారం తెస్తానులే."

ఇది వ్రాస్తున్న నాటికి రెండు సోమవారాలు గడిచాయి. తలుపుకు ప్రస్తుతం పచ్చడి జాడీ అడ్డం పెట్టుకున్నాము.